నడిమి ధర

ఆ మంగళవారం పొద్దున గవరయ్య చేతిలో ఉన్నవి ఇవి: పన్నెండేళ్ల నాటి తెల్ల అంబాసడర్ కారు ఒకటి, నాలుగు వేల మూడు వందల రూపాయల రొక్కం, ఎలీయాజరు అనే డ్రైవరు, ఆరు రోజుల గడువు. వెనక్కి వెళ్లే దారి మాత్రం లేదు.

కలకత్తా పోస్తా బజారులో పద్దెనిమిదేళ్లు పాత గోనెసంచులు కొని, రకాలు వేరు చేయించి, చిరుగులు కుట్టించి, బేళ్లు కట్టి బొబ్బిలి, పార్వతీపురం మిల్లులకు పంపిన మనిషి అతను. ప్లాస్టిక్ సంచి వచ్చి గోనెను తొక్కేస్తుందని బజారులో అందరికన్నా రెండేళ్లు ముందే పసిగట్టాడు. పసిగట్టి ఊరుకోలేదు. గోదాం చోటును ఒక మార్వాడీకి అప్పగించి, వచ్చిన డబ్బుతో బజారు బాకీలు తీర్చి, నలభై రెండు వేలు పెట్టి ఈ కారు కొన్నాడు. హౌరాలో షాలిమార్ గూడ్సు యార్డు పక్క సందులో తన అద్దె ఇంటి ముందు దాన్ని నిలబెట్టి, మూడు వారాలు పెళ్లిళ్లకీ ఆస్పత్రులకీ తిప్పాడు. అది చిల్లర బేరం. అతని కన్ను సాల్ట్ లేక్ మీద ఉంది.

అక్కడ కంప్యూటర్ల ఆఫీసు ఒకటి కొత్తగా తెరిచారు. దాని మేనేజరు సోమశేఖర్ హైదరాబాదు నుంచి వచ్చినవాడు. తెలుగు మాట వినబడితే చాలు, కుర్చీ చూపించే మనిషి. గవరయ్య చెప్పిందంతా విని, మర్యాదగానే మెలిక పెట్టాడు.

"సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు డమ్‌డమ్‌లో మా డైరెక్టర్ గారు విమానం దిగుతారు. ఆయన్ని తీసుకొచ్చి, రోజంతా తిప్పి, రాత్రికి మళ్లీ విమానం ఎక్కించాలి. బండి బాగుంటే నెలకు ఏడున్నర వేలకి ఏడాది ఒప్పందం రాసిస్తా, పెట్రోలు మాది. దార్లో ఆగిందనుకోండి, ఏమీ అనుకోవద్దు గవరయ్య గారూ, ఆ తర్వాత నేను మీకోసం ఎవరితోనూ మాట్లాడలేను."

"ఆగడవేటి బాబూ! మా బండి ఆగమన్నా ఆగదు," అన్నాడు గవరయ్య.

ఆ మాట ఇచ్చి తిరిగొస్తుంటే పార్క్ సర్కస్ కూడలిలో, సరిగ్గా ట్రాము పట్టాల మీద, కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

వెనక ట్రాము గంట కొడుతూనే ఉంది. కలకత్తాలో ఆగిన కారు దగ్గరికి సాయం ఆలస్యంగా వస్తుందేమో కాని సలహా మాత్రం ఆ క్షణమే వస్తుంది. ట్రాములోంచి దిగి మరీ ఒకాయన బ్యాటరీ అన్నాడు. గొడుగు పట్టుకున్న ఇంకొకాయన, ఇంగ్లీషువాడి నాటి డిజైను కనుక ఈ దేశపు ఎండకి ఇంజను ఇలాగే చస్తుందని వివరించాడు. తోసే చెయ్యి ఒక్కటీ రాలేదు. పావుగంట గడిచాక ఎలీయాజరు తాళం తిప్పితే కారు ఏమీ ఎరగనట్టు మోగింది. అరగంట పరుగెత్తి, మళ్లీ ఆగింది. మళ్లీ పావుగంటకు లేచింది.

ఎలీయాజరు భీమవరం వైపు క్రైస్తవుడు. షాలిమార్ యార్డులో ముప్ఫయ్యేళ్లు లారీ తోలి రిటైరైన పెద్దమనిషి. ప్రతిసారీ బానెట్టు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకునేవాడు.

"పార్థనలు తర్వాత, ముందు పెట్రోలుందో నేదో సూడు పెద్దాయనా," అన్నాడు గవరయ్య.

"పెట్రోలు ఉంది బాబూ. అందుకే ప్రార్థన," అన్నాడు ఎలీయాజరు.

బుధవారం పొద్దున్నే కారును నిమాయ్ దగ్గరికి తీసుకెళ్లారు. షాలిమార్ గేటు పక్కన టార్పాలిను కింద అతని షెడ్డు. నిమాయ్ ముందు కారును చూడలేదు. మట్టి ముంతలో టీ ఊదుకుంటూ గవరయ్యను చూశాడు, ఆ తర్వాత ఎలీయాజరు నోట రోగం విన్నాడు, చివరికి లేచి కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, ఇంజను పక్కనున్న కాయిలు మీద రెండు వేళ్లు పెట్టి చటుక్కున తీసేశాడు.

"ముట్టుకోండి దాదా. కాలుతోందా లేదా? వేడెక్కితే కరెంటు ఇవ్వదు. చల్లారితే ఇస్తుంది. కాయిలు మార్చాలి. రెండు వందల ఎనభై."

గవరయ్యది పద్దెనిమిదేళ్ల బజారు బెంగాలీ. మర్యాద తక్కువైనా బేరానికి ఎక్కడా తడుముకోదు. "ఇంజను కూడా కాలుతోంది. దాన్నీ మార్చేస్తావా?" అని అడిగాడు.

"అది మీ ఇష్టం," అన్నాడు నిమాయ్ నవ్వకుండా.

బల్ల కింద అట్టపెట్టెల్లో పదకొండు కాయిళ్లు ఉన్నాయని గవరయ్య అప్పటికే లెక్కపెట్టాడు. సరుకు పేరుకుపోయినవాడు ఎదురొచ్చిన ప్రతివాడిలోనూ ఆ సరుకు లోటే చూస్తాడని అతనికి తెలుసు. తనూ కన్నాల సంచులు మిగిలిన ఏడు, బొగ్గుకి కన్నాల సంచే మేలని సగం హౌరాను నమ్మించాడు. రేపు చెప్తానని కారెక్కాడు.

గురువారం భవానీపూర్. అక్కడ సర్దార్జీ గ్యారేజీ మూడు కార్లు పట్టేంత పెద్దది, గోడ మీద గురువుల పటాలు, బల్ల మీద టెలిఫోను. సర్దార్జీ పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఇంజనుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, డాక్టరు గుండె విన్నట్టు చాలాసేపు విన్నాడు. చుట్టూ పనివాళ్లు చేతుల్లో పానాలు దించి నిలబడ్డారు.

"పిస్టన్ రింగులు పోయాయి," అన్నాడు చివరికి, చావుకబురు చెప్పే గొంతుతో. "వేడెక్కగానే ఇంజను బిగుసుకుపోతోంది. విప్పాలి. ఆరున్నర వేలు. పది రోజులు."

"నాకు సోమవారానికి కావాలి."

"సోమవారం నువ్వు టాక్సీలో వెళ్లు," అన్నాడు సర్దార్జీ. విన్నందుకు యాభై రూపాయలు తీసుకున్నాడు.

యాభై! విన్నందుకు! రోడ్డెక్కాక గవరయ్య ఆ చెవినీ, ఆ పిడినీ, అతని టెలిఫోనునూ కలిపి తిట్టుకున్నాడు. ఇల్లంత గ్యారేజీ పెట్టినవాడికి కాయిలు మార్చితే అద్దె కూడా గిట్టదు కనుక జబ్బు పెద్దదే కావాలి. ఆ మాత్రం లెక్క ఎవడికి రాదు?

అదే మధ్యాహ్నం మల్లిక్ బజారు. పాత మోటారు సామాన్ల సందు. అక్కడ యూసుఫ్ కొట్టు ముందు ఇంజనుకు పెట్రోలు లాగే చిన్న పంపులు వెల్లుల్లి జడల్లా తాడుకి వేలాడుతున్నాయి. వాటిని చూడగానే గవరయ్యకు జవాబు తెలిసిపోయింది. అయినా అడిగాడు.

"పంపు సాబ్, పంపు!" అన్నాడు యూసుఫ్, కారు ఆగే విషయం పూర్తిగా చెప్పకముందే. "లోపలి పొర ముసలిదైపోయింది. వేడికి మెత్తబడి పెట్రోలు లాగదు. కూలితో కలిపి ఏడు వందల యాభై. గంటలో పని."

"ఇంజను బాగోలేదన్నాడే భవానీపూర్ సర్దార్జీ?"

"సర్దార్జీకి మనవడు పుట్టాడు. దావత్ ఖర్చు మీ కారులో వెతుకుతున్నాడు."

"మరి కాయిలు?"

"కాయిలన్నవాడు కరెంటు బల్బు మార్చే మనిషి. వాడికి కారు ఎవరిచ్చారు?"

ముగ్గురూ తెలివైనవాళ్లే. ఎవరికి వాళ్లు ఎదుటివాడి దొంగతనం అద్దంలోలా చూపించగలరు. ఆ రాత్రి అన్నం తింటూ గవరయ్య ముగ్గురి మాటలూ భార్యకు అభినయించి చూపించాడు. రామమ్మ నవ్వింది కాని నవ్వు చివర ఒక మాట తగిలించింది: "సోమారానికి నాలుగు రోజులే ఉన్నాయి. నువ్వేటి సేస్తావు?"

గవరయ్యకు ఆ సందేహం లేదు. పోస్తా బజారులో ఒక కట్టడి ఉంది. బేలు ఏ రకమో కొనేవాడికీ అమ్మేవాడికీ తగవు పడితే ముగ్గురు దళారీలను పిలుస్తారు. ముగ్గురూ విడివిడిగా చూసి విడివిడిగా ధర చెప్తారు. ఎక్కువ చెప్పినవాడు అమ్మేవాడి దగ్గర తిన్నాడు. తక్కువ చెప్పినవాడు కొనేవాడి దగ్గర తిన్నాడు. ఆ రెండూ కొట్టేసి నడిమి ధర ఖాయం చేస్తారు. తరవాత ఎవడూ నోరెత్తకూడదు. పద్దెనిమిదేళ్లలో ఆ పద్ధతి గవరయ్యను ఒక్కసారి కూడా ముంచలేదు.

రెండు వందల ఎనభై. ఏడు వందల యాభై. ఆరున్నర వేలు. కాబట్టి పంపు.

శుక్రవారం పొద్దున కారెక్కుతూ ఈ సంగతి చెప్తే ఎలీయాజరు తాళం తిప్పకుండా వెనక్కి తిరిగాడు.

"బాబూ, సంచికైతే మధ్య రకం ఉంటుంది. జబ్బుకి మధ్య రకం ఉండదు కదండీ? కడుపునొప్పికి ఒక డాక్టరు కన్ను అని, ఒకడు కాలు అని, ఒకడు చెయ్యి అన్నాడనుకోండి, చెయ్యి మధ్యలో ఉందని..."

"నువ్వు తోలు పెద్దాయనా. యాపారం నాకొదిలెయ్."

పంపు మారింది. పాతది కాగితంలో చుట్టించి గవరయ్య సంచిలో వేసుకున్నాడు; పాత సామాను మెకానిక్కు దగ్గర వదిలేయడం అంటే వాడికి రెండోసారి కూలి ఇవ్వడం. తిరుగు దారిలో కావాలనే చుట్టూ తిప్పి తోలించాడు. గంటసేపు కారు ఒక్కసారి కూడా దగ్గలేదు. షాలిమార్ గేటు దగ్గర నిమాయ్ కనిపిస్తే అద్దం దించి, ఆగకుండా చెయ్యి ఊపాడు. ఆ ఊపడంలో ఏముందో నిమాయ్‌కి తెలియకపోదు.

శనివారం సోమవారపు దారిని ఒకసారి చూసుకుందామని బయల్దేరారు. బైపాసు రోడ్డు మీద, చింగ్రీఘాటా చేరకముందే, చేపల చెరువుల పక్కన కారు దగ్గింది. రెండోసారి దగ్గింది. ఆగిపోయింది.

గవరయ్య దిగలేదు. సీట్లోనే కూర్చుని ముందున్న ఖాళీ రోడ్డును చూశాడు. ఈ కారు సోమవారం ఇక్కడే ఆగుతుంది, లోపల డైరెక్టరు ఉంటాడు. మంగళవారం నుంచి తాను పోస్తాలో తన పాత చోటు ముందు నిలబడి, మార్వాడీ బేళ్లు మోయించే పని ఉందేమో అని అడగాలి. పద్దెనిమిదేళ్లు తనకు నమస్కారం పెట్టిన కూలీలే ఆ బేళ్లు మోస్తారు. అది తలుచుకోగానే అతనికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"ఆళ్లు ముగ్గురూ దొంగలు పెద్దాయనా. ఇయాల రుజువు సేస్తాను."

"రుజువు చేస్తే బండి నడుస్తుందా బాబూ?"

గవరయ్యకు ఆ మాట వినిపించలేదు. కారు లేవగానే నేరుగా మల్లిక్ బజారు పోనివ్వమన్నాడు.

"నువ్వేసిన పంపుతోనే ఆగింది," అన్నాడు.

యూసుఫ్ ఏమాత్రం తొణకలేదు. "నా పంపు ఎక్‌దమ్ ఫస్ట్ క్లాస్ సాబ్. అదే చిక్కు! దాని జోరుని మీ ముసలి కార్బురేటరు తట్టుకోలేకపోతోంది. మునిగిపోతోంది. కార్బురేటరు మార్చాలి. మీకు కనుక పన్నెండు వందలు."

భవానీపూర్‌లో గవరయ్య ఒక అబద్ధం ఆడాడు. "సర్దార్జీ, రింగులు హౌరాలో వేయించేశాను. అయినా ఆగుతోంది."

సర్దార్జీ స్క్రూడ్రైవరు తీసుకోబోయాడు. యాభై గుర్తొచ్చి గవరయ్య వద్దన్నాడు. "వినక్కర్లేదు," అన్నాడు సర్దార్జీ. "రింగులు వేసినవాడు వాల్వులు చూసుండడు. హౌరావాళ్ల పనే అంత. నాలుగు వేలు."

షాలిమార్ చేరాక నిమాయ్ దగ్గర ఇంకొకటి ఆడాడు. "కాయిలు మార్పించాను, దాదా."

"ఎక్కడ?"

"బాలీగంజ్‌లో."

"కండెన్సరు మార్చారా? లేదు కదా? మరింకేం?" అని టీ ముంతను రోడ్డు మీదికి విసిరాడు నిమాయ్.

ముగ్గురూ దొంగలని రుజువైపోయింది. వేయని రింగులకు తరువాతి జబ్బు ఒకడు చెప్పాడు, మార్చని కాయిలుకి ఇంకొకడు చెప్పాడు. గవరయ్య ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. గెలిచిన మనిషిలా చెప్పులు విప్పాడు. కారు మాత్రం సందు చివర్లో ఆగిపోయి ఉంది, ఎలీయాజరు దాని పక్కనే కాపలా ఉన్నాడు.

వంటింటి గుమ్మంలో రామమ్మ పాత పంపును ముందేసుకుని కూర్చుంది. ఇత్తడి వేరు, ఇనుము వేరు చేస్తే పాత సామాన్లవాడు రెండు రూపాయలు ఎక్కువిస్తాడని దాన్ని విప్పి కిరసనాయిలుతో తోముతోంది. పద్దెనిమిదేళ్లు గోదాంలో చిరుగులు కుట్టిన చెయ్యి ఆమెది. కళ్లు మూసుకుని తడిమి సంచి ఏ మిల్లుదో చెప్పేది.

"ఏటయ్యా, పంపులో సంచినారేటి?" అంది.

"నారేటి? కచరా అయ్యుంటాది. పారెయ్."

"కచరాకీ నారకీ తేడా తెలకపోడానికి నాను మోటారు మిస్త్రీని కాదు గదా!" పంపు లోపలి చిన్న జాలీ నుంచి గోటితో సన్నటి పోగులు లాగి, దీపం వెలుతుర్లో వేళ్ల మధ్య నలిపింది. "గోనె. ఉప్పు బస్తాది కాదు. పంచదార సంచీది, ట్విల్లు నేత. మనింట్లో మూల నున్నాయే, అయ్యే. పెట్రోల్లోకి సంచి ఎలాగెల్లిందయ్యా?"

గవరయ్య వీధి వైపు తిరిగాడు. విప్పిన చెప్పులు మళ్లీ వేసుకున్నాడు.

కారు కొన్న మూడో రోజు రాత్రి పెట్రోలు టాంకు మూతను ఎవడో ఎత్తుకుపోయాడు. కొత్త మూత ముప్ఫై అయిదు రూపాయలు. ఇంట్లో మూలన గోనెముక్కలు నలభై ఉన్నాయి, ఊరికే. ఒక ముక్కను నాలుగు మడతలు వేసి, మెలి తిప్పి, టాంకు మూతిలో బిగించి పురికొస చుట్టాడు. మూడు వారాలుగా ప్రతి గోతిలోనూ పెట్రోలు ఎగిరి ఆ గోనెను తడుపుతోంది, నానుస్తోంది, దువ్వుతోంది. ఊడిన నార టాంకులో పడుతోంది. ఇంజను లాగుతున్నంతసేపూ ఆ నార వెళ్లి గొట్టం మూతికి అడ్డం పడుతుంది, కారు ఆగుతుంది. లాగడం మానేస్తే పావుగంటకి నార కిందికి జారుతుంది, కారు లేస్తుంది. పంపు మార్చినప్పుడు గొట్టంలోకి గాలి ఊదాడు యూసుఫ్. ఆ ఊదుడుకి నార చెదిరి ఒక రోజు పరుగెత్తింది. అంతే. కాయిలు లేదు, రింగు లేదు, పంపు లేదు.

అతను వెళ్లి ఆ బిరడా లాగి తీసుకొచ్చాడు. నాలుగు మడతల ముక్క రెండు మడతలంత పల్చబడి ఉంది. రామమ్మ దాన్ని చూసింది, మొగుడిని చూసింది.

"ముప్పయ్యైదు మిగిలాయని ఆయేళ పకోడీలు కూడా తెచ్చావు," అంది.

"సరేలే."

"ఆ ముగ్గురినీ దొంగలన్నావు. ఆళ్లు నీ జేబులోది తీసుకున్నారు. నువ్వు నీ టాంకులోనే..."

"సర్లేవే! సోమారం సంగతి సూడనీ!"

ఆదివారం నిమాయ్ షెడ్డు మూసి ఉంది. అతను పక్కనే క్లబ్బులో కేరమ్సు ఆడుతున్నాడు. టాంకు దించి కడగడానికి జాకీ, పానాలు, కారు కిందికి దిగే గొయ్యి అతని దగ్గరే ఉన్నాయి. భవానీపూర్ వరకు వెళ్లే లోపు కారు రెండు సార్లు ఆగుతుంది. గవరయ్య క్లబ్బు గుమ్మంలో నిలబడ్డాడు. నిమాయ్ స్ట్రైకరు గురి పెట్టి, కొట్టి, అప్పుడు తలెత్తాడు.

"టాంకు దించి కడగాలి, దాదా. ఇవాళే."

"ఎందుకు? కండెన్సరు..."

గవరయ్య జేబులోంచి బిరడా తీసి చూపించాడు. చుట్టూ నలుగురు ఆటగాళ్లు ఉన్నారు కనుక గొంతు తగ్గించాడు. "బుధవారం నా కారు చుట్టూ తిరిగావు. ఇది టాంకు మూతిలో ఉంది. నువ్వు చూడలేదా?"

"చూశాను."

"చూసి?"

"మీరు గోనె వ్యాపారి. గోనె ఎక్కడ పెట్టాలో మీకు నేను చెప్పాలా?"

నలుగురూ నవ్వారు. గవరయ్యకు ఆ నవ్వు చెవులదాకా ఎక్కింది. బెంగాలీలో తిట్టు ఒకటి నాలుక చివరికి వచ్చింది, సోమవారం గుర్తొచ్చి దాన్ని మింగాడు. "ఎంత?" అన్నాడు.

నిమాయ్ చేతికంటిన పౌడరు లుంగీకి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. బయటికి వచ్చాకే ధర చెప్పాడు. అది మాత్రం అతనిలోని మర్యాద.

"నూట యాభై. టాంకు కడిగినందుకు యాభై. గోనె అమ్మేవాడు తన గోనెతోనే తన కారు పీక నొక్కాడని షాలిమార్‌లో చెప్పకుండా ఉన్నందుకు వంద."

"ఇందాక నలుగురు విన్నారు."

"వాళ్లకి నేను తమాషాగా అన్నానని చెప్తాను. అది ఆ వందలోనే."

గవరయ్య జీవితంలో మొదటిసారి చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చాడు. అది బేరానికి లొంగే సరుకు కాదని అతనికి తెలుసు. అడిగినవాడు దొంగే, కాని అడిగిన ధర న్యాయమైనదే.

టాంకు దించితే అడుగున చెయ్యి పట్టినంత నార ముద్దగా దొరికింది. ఎలీయాజరు పెట్రోలును పాత ధోతీ గుడ్డలో వడకట్టాడు. నిమాయ్ గొట్టాలు ఊదాడు, మూడుసార్లు కడిగాడు, పని మాత్రం శుభ్రంగా చేశాడు. అది చూసి గవరయ్యకు ఇంకా ఒళ్లు మండింది. ఇంత పని తెలిసిన చెయ్యి పదకొండు కాయిళ్ల కోసం నాలుగు రోజులు తనని తిప్పింది! ముప్ఫై అయిదు పెట్టి కొన్న మూతను నిమాయ్ బిగించబోతే, చేతిలోంచి తీసుకుని తనే బిగించాడు.

సోమవారం పొద్దున ఎలీయాజరు ఒక్కడే కారుతో డమ్‌డమ్ వెళ్లాడు. గవరయ్య బస్సెక్కి సాల్ట్ లేక్ చేరి, ఆఫీసు గేటు ముందు నిలబడ్డాడు. తొమ్మిదింటికి రావాల్సిన కారు తొమ్మిదిన్నరకీ రాలేదు. సోమశేఖర్ మెట్ల మీదికి వచ్చి గడియారం చూసుకున్నాడు.

"విమానం టైముకే దిగిందట. ఫోన్ చేసి కనుక్కున్నాను."

"వచ్చెస్తాది బాబూ."

"దార్లో ఆగలేదు కదా?"

గవరయ్య నోరు తెరిచాడు కాని 'ఆగమన్నా ఆగదు' అన్న మాట ఈసారి రాలేదు. "సూద్దాం," అన్నాడు.

పదికి పది నిమిషాలుండగా తెల్ల కారు మలుపు తిరిగింది. గేటు దాకా ఒక్క దగ్గు లేకుండా వచ్చి నిలబడింది. వెనక సీట్లో డైరెక్టరు కాగితాలు చదువుకుంటున్నాడు. తలుపు తీసేదాకా వచ్చేశామని అతనికి తెలియలేదు.

సోమశేఖర్ ఫైలు అందుకుంటూ, "ఆలస్యమైంది సార్. బండి ఏమైనా ఇబ్బంది పెట్టిందా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"బండా? ఉల్టాడాంగాలో ఎవరో జెండాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నారు. మీ ఊరు ఎప్పటికీ ఇంతేనా?" అంటూ డైరెక్టరు లోపలికి నడిచాడు. కారు వైపు చూడనైనా లేదు. గవరయ్యకు అంతకన్నా మంచి సర్టిఫికెట్టు అక్కర్లేదు.

ఎలీయాజరు దిగి ముఖం తుడుచుకున్నాడు. "ముప్పావు గంట నిలబెట్టేశారు బాబూ. ఇంజను ఆపలేదు. ఆపి చూసే విశ్వాసం నాకు చాలలేదు."

"ఆపకపోడవే మంచిదయింది పెద్దాయనా," అన్నాడు గవరయ్య. ఆ వారంలో అతను ఎలీయాజరుతో ఎత్తిపొడుపు లేకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే.

రాత్రి విమానం కూడా వేళకే అందింది. మర్నాడు మధ్యాహ్నం ఒప్పందం కాగితం మీద సోమశేఖర్ సంతకం పడింది. ఇంటికొచ్చి గవరయ్య కాగితాన్ని ఇనప్పెట్టెలో పెట్టి, నేల మీద కూర్చుని, రామమ్మ వినేలా లెక్క చెప్పాడు.

సర్దార్జీ చెవికి యాభై. అక్కర్లేని పంపుకి ఏడు వందల యాభై. టాంకు కడిగినందుకు యాభై, నోరు మూసుకున్నందుకు వంద. మూతకి ముప్ఫై అయిదు. ఇది మూడు వారాల కిందటే పెట్టి ఉంటే పై నాలుగూ ఉండేవి కావు. తిరుగుడు పెట్రోలు ఆరు వందల పదిహేను. మొత్తం పదహారు వందలు. చేతిలో మిగిలింది రెండు వేల ఏడు వందలు. ఇకమీదట నెలకు ఏడున్నర వేలు వస్తాయి. అందులో ఎలీయాజరు జీతం పద్దెనిమిది వందలు, రిపేర్ల కింద ఏడు వందలు పోతే అయిదు వేలు. గోనెల్లో మంచి నెలలో కూడా మూడు వేల రెండు వందలు దాటి చూడలేదు.

"దొంగల లెక్క సెప్పనేదు," అంది రామమ్మ.

"ముగ్గురు."

రామమ్మ నాలుగో వేలు ఎత్తి అతని వైపే చూపించింది.

"సరే, నలుగురు," అన్నాడు గవరయ్య. "గోనెల కన్నా నెలకి పద్దెనిమిది వందలు ఎక్కువ. ఏడాదికి ఇరవయ్యొక్క వేల ఆరు వందలు. రాసుకో."